చూపు పోయాక చెప్పి రాయించిన కీర్తన



మన పల్లెల్లో పేరున్న పాటగాళ్ళ గురించి చెప్పుకునే కథలు చాలా ఉంటాయి. వాటిలో ఒక కథ మాత్రం ఏ ఊరికి వెళ్ళినా వినబడుతుంది. ఫలానా దాసుగారు ఆఖరి రోజున కొడుకును పిలిచి ఒక కీర్తన అందుకోమన్నారట, చరణం పూర్తయ్యేసరికి ఆయన కన్నుమూశారట! విన్నవాళ్ళు ఆ మాట మళ్ళీ పదిమందికి చెబుతారు. నిజమా అని అడగడానికి ఎవరికీ మనసు రాదు. పాటకూ మనిషికీ మధ్య అంత దగ్గరతనం ఉందని నమ్మడం మనకు ఇష్టం కనుక.

ఇలాంటి కథే రెండున్నర శతాబ్దాలకు పైగా యూరప్ ఖండమంతా చెప్పుకుంటున్నది ఒకటి ఉంది. అది జర్మనీ దేశపు సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ గురించి. చూపు పోయి, మంచం పట్టి, చివరి ఘడియల్లో ఉన్న ఆ మనిషి పక్కనున్న వారికి స్వరం వెంట స్వరం చెప్పి ఒక కీర్తనను రాయించాడని, అదే ఆయన ఆఖరి రచన అని ఆ కథ. ఈ కథ ఎంతవరకు నిజం? అది తేలితే పాట విలువ పెరుగుతుందా, తరుగుతుందా? ఈనాటి ప్రసంగంలో మనం చూడబోయేది ఇదే.

ముందు ఆ వాద్యం సంగతి తెలుసుకుందాం. దాని పేరు ఆర్గన్. మనకు హార్మోనియం బాగా తెలుసు. పద్య నాటకాల్లో తెర పక్కన కూర్చుని నటుడికి శ్రుతి అందించే పెట్టె అది. దాన్ని మన ఆకాశవాణి 1940లో దూరం పెట్టి, మూడు దశాబ్దాల తరువాత మళ్ళీ లోపలికి రానిచ్చిన సంగతి పాత శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. హార్మోనియంలో గాలి ఇత్తడి రేకుల మీదుగా పోతే నాదం పుడుతుంది. ఆర్గన్‌లో గాలి గొట్టాల గుండా పోతుంది. వేణువులో ఊదినట్టే, కాకపోతే ఒక్క వేణువు కాదు, వందలు, ఒక్కోసారి వేలు. వాటిలో కొన్ని పెన్సిలంత ఉంటే, పెద్దవి 32 అడుగుల ఎత్తు కూడా ఉంటాయి. ఈ గొట్టాలన్నీ చర్చి గోడ నిండా నిలబడి ఉంటాయి. వాయించే మనిషి ముందు రెండు మూడు అంతస్తులుగా మెట్ల వరుసలు, కాళ్ళ కింద ఇంకో వరుస పెద్ద మెట్లు ఉంటాయి. అంటే రెండు చేతులూ రెండు పాదాలూ ఒకేసారి పాట పాడతాయి. కరెంటు లేని ఆ రోజుల్లో గోడ వెనక మనుషులు కమ్మరి కొలిమితిత్తుల వంటి పెద్ద తిత్తులను తొక్కుతూ ఉంటే తప్ప ఈ వాద్యం పలికేది కాదు. వాయించేవాడి పేరు చరిత్రలో మిగిలింది గాని, తిత్తులు తొక్కినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

ఇక కీర్తన సంగతి. 1517లో మార్టిన్ లూథర్ క్రైస్తవ మతంలో సంస్కరణ మొదలుపెట్టినప్పుడు ఆయన చేసిన పనుల్లో ఒకటి, చర్చిలో పాటను సామాన్యుల నోటికి అందించడం. అంతవరకు ఆరాధనలో పాట ఎక్కువగా లాటిన్ భాషలో, గురువుల నోటా గాయక బృందం నోటా సాగేది. కూర్చున్న రైతుకు, చేనేతవాడికి, ఇంటి ఇల్లాలికి అది అర్థమయ్యేది కాదు. లూథర్ జర్మన్ భాషలో పాటలు రాశాడు, రాయించాడు. 1524లో న్యూరెంబర్గ్ పట్టణంలో 8 పాటల చిన్న పుస్తకం అచ్చయింది. అక్కడి నుంచి అవి వందలుగా పెరిగాయి. సంఘమంతా కలిసి పాడుకునే ఈ తేలిక కీర్తనలను కొరాల్ అంటారు. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, దేవుడి ముందు నిలబడినప్పుడు మాత్రం అమ్మ నేర్పిన భాష అనే బతుకు మనకు కొత్త కాదు. సరిహద్దుల్లో తరాలుగా ఉంటున్న మనవాళ్ళలో ఎందరో తెలుగు అక్షరం రాకపోయినా తెలుగు భజన పాట మరచిపోలేదు. కాబట్టి ఒక జాతి తన పాటను తన భాషలో పాడుకోవడం ఎంత పెద్ద మాటో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే సంఘమంతా పాడాలంటే ముందు ఏ పాటో, ఏ వరుసో తెలియాలి గదా! ఆ పని ఆర్గన్ వాయించేవాడిది. ఆరాధనలో కీర్తన మొదలయ్యే ముందు ఆయన ఆ వరుసను వాద్యం మీద వినిపిస్తాడు. అదే కొరాల్ ప్రెల్యూడ్. కీర్తనకు ముందు నడిచే పూర్వరంగం అనుకోవచ్చు. మన కచేరీలో కీర్తనకు ముందు రాగాలాపన ఉన్నట్టే ఇదీ ఉంటుంది, కాని ఒక తేడా ఉంది. ఆలాపన రాగాన్ని పరచి చూపిస్తుంది. ఇది మాత్రం రాబోయే పాట వరుసనే తీసుకుని, దాని చుట్టూ అల్లిక అల్లుతుంది. వరుస అందరికీ తెలిసిందే కాబట్టి వినేవాడి నోట్లో మాటలు మెదులుతూనే ఉంటాయి. వాద్యం మీద మాట లేకపోయినా మనసులో మాట ఉంటుంది. ఈ ప్రక్రియ బలమంతా అక్కడే ఉంది.

17వ శతాబ్దంలో జర్మనీలో ఈ విద్య బాగా పెరిగింది. పాకెల్‌బెల్ అనే విద్వాంసుడు ఒక పద్ధతి స్థిరపరిచాడు. కీర్తనలోని ఒక్కొక్క పాదం పైగొంతులో వచ్చే ముందు, కింది గొంతులు అదే పాదాన్ని చిన్నదిగా చేసుకుని ఒకదాని వెనక ఒకటి పలుకుతాయి. పెళ్ళివారు వచ్చే ముందు పిల్లలు పరుగెత్తుకొచ్చి కబురు చెప్పినట్టు! ఉత్తరాన సముద్రతీరంలోని ల్యూబెక్ పట్టణంలో బుక్స్‌టెహుడె అనే విద్వాంసుడు మరో దారి తీశాడు. వరుసను గమకాలతో, విరుపులతో నింపి, ఒంటరి గొంతు పాడినట్టు వినిపించేవాడు.

బాఖ్‌కు ఈ రెండు దారులూ అందాయి. ఆయన 1685లో ఐసెనాక్ పట్టణంలో పుట్టాడు. పదేళ్ళ వయసుకే తల్లీ తండ్రీ పోయారు. ఓర్‌డ్రుఫ్ అనే ఊళ్ళో ఆర్గన్ వాయించే పెద్దన్న ఇంట పెరిగాడు. ఆ అన్న పాకెల్‌బెల్ దగ్గర చదువుకున్నవాడు. అన్న బీరువాలో దాచిన ఒక సంగీత పుస్తకాన్ని తమ్ముడు రాత్రిళ్ళు రహస్యంగా తీసి, దీపం లేక వెన్నెల వెలుగులో ఆరు నెలలపాటు ఎత్తి రాసుకున్నాడనీ, అది తెలిసి అన్న ఆ ప్రతిని లాక్కున్నాడనీ బాఖ్ మరణానంతరం 1754లో అచ్చయిన జీవిత వ్యాసంలో ఉంది. ఆ వ్యాసం రాసినవారిలో ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ ఒకడు.

1703లో, 18 ఏళ్ళ వయసులో, బాఖ్ ఆర్న్‌స్టాట్ పట్టణంలోని కొత్త చర్చిలో ఆర్గన్ వాద్యకారుడిగా కుదిరాడు. 1705లో నాలుగు వారాలు సెలవడిగి, బుక్స్‌టెహుడె వాద్యం వినడానికి ల్యూబెక్‌కు బయలుదేరాడు. దూరం సుమారు 400 కిలోమీటర్లు. కాలినడకనే వెళ్ళాడు. నాలుగు వారాలు కాస్తా దాదాపు నాలుగు నెలలయ్యాయి. 1706 ఫిబ్రవరిలో తిరిగివచ్చిన ఆయనను చర్చి పెద్దలు పిలిచి సంజాయిషీ అడిగారు. ఆ విచారణ రాతపూర్వకంగా నిలిచి ఉంది. వాళ్ళ ఫిర్యాదు సెలవు గురించే కాదు. కీర్తనల్లో వింత వింత మార్పులు చేస్తున్నాడనీ, సంబంధం లేని స్వరాలు కలుపుతున్నాడనీ, సంఘం పాట అందుకోలేక తికమకపడుతున్నదనీ కూడా! పెద్దల మాటలో న్యాయం లేకపోలేదు. ఆదివారం నాడు పాడడానికి వచ్చిన అవ్వకు వరుస దొరకాలి గదా. కాని ఆ కుర్రవాడు ల్యూబెక్‌లో విన్నది చెవిలోంచి పోవడం లేదు. సంఘం పాటకు సేవ చేయడం ఎట్లా, పాటను పైకి ఎత్తడం ఎట్లా అనే రెండు పనులూ ఆయనను జీవితాంతం పట్టి ఉంచాయి.

1708లో ఆయన వైమార్ పాలకుని కొలువులో చేరాడు. అక్కడే ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. దాని పేరు ఆర్గెల్‌బ్యూక్‌లైన్, అంటే చిన్న ఆర్గన్ పుస్తకం. ఏడాది పొడుగునా పండుగలకూ ఇతర సందర్భాలకూ పాడే 164 కీర్తనల పేర్లు పేజీల తలకట్టున వరుసగా రాసుకున్నాడు. ఒక్కొక్క పేజీలో ఒక్కొక్క కీర్తనకు ప్రెల్యూడ్ నింపాలని సంకల్పం. చివరికి నింపినవి 46. మిగిలిన పేజీలు పేరు మాత్రం మోస్తూ ఖాళీగా ఉండిపోయాయి. కొత్తగా నేర్చుకునేవాడికి కీర్తనను ఎన్ని విధాలుగా నడపవచ్చో, పాదాలను ఎట్లా వాడాలో నేర్పడానికి ఈ పుస్తకం అని ఆయనే తరువాత ముఖపత్రం మీద రాసుకున్నాడు.

ఆ 46లో ఒకటి మన కథకు మూలం. కీర్తన పేరుకు అర్థం, మేము మిక్కిలి ఆపదలో ఉన్న వేళ అని. మాటలు రాసినవాడు లూథర్ సహచరుల్లో ఒకడైన పాల్ ఏబర్. వరుస మాత్రం జర్మనీది కాదు. 1540లలో జెనీవా పట్టణంలో లూయి బూర్జువా అనే సంగీతకారుడు పది ఆజ్ఞల పాటకు కూర్చింది. ఒక దేశపు వరుస మరో దేశపు మాటలతో కలిసి స్థిరపడడం సంగీతంలో మామూలే. నాలుగే పాదాలు. ఒక్కసారి విన్నవాడు రెండోసారి పాడగలడు. బాఖ్ వైమార్‌లో దీనికి రాసిన ప్రెల్యూడ్ పొడవు 9 గడులు మాత్రమే. గడి అంటే రెండు నిలువు గీతల మధ్య తాళం కొలత. పైన వరుస నిండా గమకాలు, బుక్స్‌టెహుడె చూపిన దారిలో. కింద మూడు గొంతులు ఆ వరుసలోని మొదటి నాలుగు స్వరాలనే పట్టుకుని నడుస్తాయి. వాయించడానికి రెండు నిమిషాలు పడుతుంది.

1717లో వైమార్ కొలువు విడిచి వెళ్ళడానికి పట్టుబట్టినందుకు పాలకుడు ఆయనను నెలరోజులకు కొంచెం తక్కువ కాలం ఖైదులో ఉంచాడు. తరువాత కోథెన్ కొలువు. 1723 నుంచి చనిపోయేదాకా లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ చర్చి బడి పిల్లల సంగీత గురువు. అక్కడ రాసిన పెద్ద కృతుల సంగతి ఈ ప్రసంగంలో చెప్పలేము. చివరి ఏళ్ళకు వద్దాం.

1749 నాటికి బాఖ్ ఆరోగ్యం దిగజారింది. ఆయన ఇంకా బతికి ఉండగానే, ఆయన స్థానానికి పై అధికారుల సిఫారసుతో వచ్చిన మరొకరికి ఆ ఏడు జూన్ నెలలో పాటపరీక్ష కూడా జరిగిపోయింది. ఈ మాట వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చూపు మందగించింది. 1750లో జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంటి వైద్యుడు ఊరూరా తిరుగుతూ లైప్‌జిగ్ వచ్చాడు. మార్చి చివర ఒకసారి, ఏప్రిల్‌లో మరోసారి బాఖ్ కళ్ళకు శస్త్రచికిత్స చేశాడు. మత్తుమందు లేదు, సూక్ష్మక్రిముల జ్ఞానం లేదు. ఉన్న చూపూ పోయింది. మందులకు ఒళ్ళు గుల్లయింది. అదే వైద్యుడు కొన్నేళ్ళ తరువాత మరో మహా సంగీతకారుడు హాండెల్ కళ్ళకూ చికిత్స చేశాడు. అక్కడా మేలు జరగలేదు. బాఖ్, హాండెల్ ఇద్దరూ ఒకే ఏడు, 1685లో పుట్టినవాళ్ళు. జులై నెలలో ఒకరోజు ఉదయం బాఖ్‌కు ఉన్నట్టుండి చూపు కొంచెం తిరిగివచ్చిందనీ, కొన్ని గంటలకే పక్షవాతం వచ్చి, తరువాత తీవ్రమైన జ్వరం పట్టుకుందనీ 1754 వ్యాసం చెబుతుంది. 1750 జులై 28 సాయంత్రం ఆయన పోయారు.

ఇక కథ ఎక్కడ పుట్టిందో చూద్దాం. చివరి ఏళ్ళలో ఆయన కళాత్మకమైన పెద్ద గ్రంథం ఒకటి తయారుచేస్తున్నాడు. ఫ్యూగ్ అనే అల్లిక విద్యను అడుగడుగునా చూపే రచన అది. అందులో ఒక పెద్ద భాగం అసంపూర్తిగా ఆగిపోయింది. 1751లో కుటుంబం ఆ పుస్తకాన్ని రాగిరేకుల మీద చెక్కించి అచ్చువేయించింది. రాగిరేకులంటే మనకు తాళ్ళపాక వారి సంకీర్తనలు గుర్తుకు వస్తాయి. అవి దాచడానికి చెక్కినవి. ఇవి కాగితం మీద ముద్ర పడడానికి తలకిందులుగా చెక్కినవి. పుస్తకంలో ఒక భాగం అసంపూర్తిగా ఉంది కాబట్టి, కొన్నవాళ్ళకు లోటు తీర్చడానికి చివర ఒక కొరాల్ ప్రెల్యూడ్ చేర్చారు. పుస్తకం మొదట్లో ఒక చిన్న ప్రకటన వేశారు. దాని సారాంశం ఏమిటంటే, ఈ కొరాల్‌ను కీర్తిశేషులైన రచయిత చూపు పోయిన స్థితిలో ఒక మిత్రుడికి అప్పటికప్పుడు చెప్పి రాయించారు అని. మిత్రుడి పేరు లేదు. ఇంత చేసినా 1756 నాటికి అమ్ముడుపోయిన ప్రతులు సుమారు 30. కొడుకు ఆ రాగిరేకులను అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. భార్య అన్నా మాగ్డలేనా ధర్మసత్తం మీద ఆధారపడి బతికి 1760లో పోయింది.

1802లో ఫోర్కెల్ అనే పండితుడు బాఖ్ మీద మొదటి జీవితచరిత్ర పుస్తకం రాశాడు. అందులో ఆ మిత్రుడి పేరు తేల్చాడు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు అల్లుడు ఆల్ట్‌నికోల్‌కు చెప్పి రాయించాడన్నాడు. అక్కడి నుంచి కథ పెరిగింది. చీకటి గది, మంచం, పక్కన అల్లుడు, దూరం నుంచి వీధి చప్పుడు, చివరి స్వరం చెప్పి గోడవైపు తిరిగిన ముసలాయన. చెప్పే ప్రతివారూ ఒక గీత కలిపారు. మన దాసుగారి కథ పెరిగినట్టే.

ఈ కథను నిగ్గు తేల్చడానికి మన దగ్గర మూడు సాక్ష్యాలు ఉన్నాయి.

మొదటిది వైమార్ పుస్తకంలోని 9 గడుల చిన్న ప్రెల్యూడ్. రెండోది 1751లో అచ్చయిన పెద్ద ప్రెల్యూడ్, 45 గడులు. మూడోది బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్న ఒక రాతప్రతి. బాఖ్ తన ఆర్గన్ కొరాల్‌లలో పెద్దవాటిని సాపు చేసి రాసుకుంటూ వచ్చిన కట్ట అది. అందులో చివరన ఇదే ప్రెల్యూడ్ ఉంది. అయితే పేరు వేరు. ఇక్కడ దాని పేరుకు అర్థం, నీ సింహాసనం ముందుకు ఇదిగో వస్తున్నాను అని. ఆ రోజుల్లో ఈ రెండు కీర్తనలనూ ఒకే వరుసలో పాడేవారు. ఈ ప్రతి 25 గడులన్నర దగ్గర పేజీ చివరకు వచ్చి ఆగిపోతుంది. తరువాతి కాగితం పోయింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట తేలేది, ఈ పాట మంచం మీద పుట్టింది కాదు. పెద్ద ప్రెల్యూడ్ లోపల చిన్నది దాక్కుని ఉంది. 9 గడుల ఎముకల గూడు అదే. పైవరుస మీది గమకాలు దాదాపు అన్నీ తీసివేశాడు. ప్రతి పాదానికి ముందు కింది గొంతుల కబురు చేర్చాడు. అంటే యౌవనంలో బుక్స్‌టెహుడె దారిలో రాసినదాన్ని, ముసలితనంలో పాకెల్‌బెల్ దారిలోకి, అన్న ఇంట్లో చిన్నప్పుడు విన్న దారిలోకి తిప్పాడు.

రెండోది, అచ్చు ప్రతికీ రాతప్రతికీ మధ్య తేడాలు చిన్నవి. ఒక చోట లయ సవరణ, ఒక చోట స్వరం మార్పు. అన్నీ మెరుగులే. కాబట్టి పెద్ద ప్రెల్యూడ్ అప్పటికే కాగితం మీద ఉందనీ, జబ్బు మంచం మీద జరిగింది కొత్త రచన కాదు, ఉన్న రచనకు దిద్దుబాట్లు చెప్పించడం, పేరు మార్పించడం అనీ క్రిస్టోఫ్ వోల్ఫ్ వంటి నేటి పరిశోధకులు తేల్చారు.

మూడోది చేతిరాత. ఆ కట్టలో దీనికి ముందు వచ్చే కొరాల్‌లలో రెండు ఆల్ట్‌నికోల్ చేతిరాతలో ఉన్నాయి. ఇది మాత్రం ఆయన రాత కాదు. పేరు తెలియని మరొకరిది. అల్లుడు 1748 నుంచి నౌంబుర్గ్ పట్టణంలో ఆర్గన్ వాద్యకారుడు. 1746లో బాఖ్ స్వయంగా పరీక్షించి సరే అన్న 53 స్వరవరుసల గొప్ప ఆర్గన్ అక్కడిది. ఫోర్కెల్ ఆయన పేరు చెప్పడానికి కారణం ఆ కట్టలో ఆయన రాత ఉండడమే అయివుండవచ్చు.

ఇక మిగిలింది ఏమిటి? కథ అబద్ధమని కొట్టిపారేయాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. అసలు జరిగినది కల్పించిన కథకంటే గట్టిది. ఆలోచించండి. 65 ఏళ్ళ మనిషి, చూపు లేదు, లేవలేడు. ఎవరో వాద్యం దగ్గర కూర్చుని పాత రచనను వాయించి వినిపించారు అనుకుందాం. అందరికీ బాగానే ఉంది. ఆయనకు మాత్రం ఒక చోట లయ సరిగా లేదనిపించింది. ఇక్కడ ఇట్లా మార్చండి అన్నాడు. ఎవరు వింటారని? వేతనం పెరుగుతుందనా? పై కొలువుకు మరొకరిని అప్పటికే చూసుకున్నారు. పుస్తకం అమ్ముడుపోలేదని మనకు తెలుసు. అయినా 35 ఏళ్ళ నాటి పాటను తన దగ్గరికి పిలిపించుకుని, దానికున్న నగలు తీయించి, ఉన్న ఒకటి రెండు మచ్చలు తుడిపించి, పేరు మార్పించి పంపాడు. ఆపద వేళ అన్న పేరు తీసి, నీ ముందుకు వస్తున్నాను అన్న పేరు పెట్టించాడు. ఆ కీర్తన మాటలు మంచి చావు ఇమ్మని అడిగే ప్రార్థన. ఇందులో ఏ ఒక్క గీతా కల్పించనవసరం లేదు. కాగితమే చెబుతోంది.

ఈ విషయానికి తెలుగువారితో ఒక చిన్న ముడి ఉంది. లైప్‌జిగ్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో హాల్లే అనే పట్టణం ఉంది. తమిళనాడులోని తరంగంబాడికి 1706లో మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు వచ్చిన తరువాత వారికి వెన్నుదన్నుగా నిలిచిన కేంద్రాల్లో అది ముఖ్యమైనది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో స్వదేశం తిరిగి వెళ్ళి, 1746, 47 ప్రాంతంలో హాల్లేలో తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న మతగ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగు ముద్రణ చరిత్రలో మొట్టమొదటి పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. సరిగ్గా ఆ 1746లోనే బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ అదే హాల్లే పట్టణపు పెద్ద చర్చిలో ఆర్గన్ వాద్యకారుడిగా చేరాడు. తెలుగు ఒత్తులూ గుణింతాలూ మొదటిసారి సిరాలో మునిగిన ఊళ్ళో, బాఖ్ కొడుకు చేతికింద కొరాల్‌లు మోగుతున్నాయి. ఒకే ఊరు, ఒకే ఏళ్ళు. అంతకుమించి నేను ముడివేయను.

తరువాతి కాలంలో లూథర్ సంప్రదాయం మన నేల మీదికి వచ్చింది. 1842లో గుంటూరులో అమెరికా నుంచి వచ్చిన హేయర్ పని మొదలుపెట్టాడు. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చినవారు కొరాపుట్, జయపురం, సాలూరు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఆ వైపు శ్రోతల్లో కొందరికి తాతల నాటి నుంచి చర్చి కీర్తనల పరిచయం ఉండే ఉంటుంది. గొట్టాల ఆర్గన్ అంతటా రాలేదు. హార్మోనియమే ఆ బరువు మోసింది.

బాఖ్ పోయిన తరువాత ఆయన ఆర్గన్ కృతులు చాలాకాలం శిష్యుల చేతి ప్రతుల్లోనే మిగిలాయి. 1829లో మెండెల్‌సన్ అనే ఇరవయ్యేళ్ళ యువకుడు బెర్లిన్‌లో ఆయన పెద్ద కృతి ఒకదాన్ని ప్రదర్శించాక లోకం కళ్ళు తెరిచింది. అదే మెండెల్‌సన్ 1840లో లైప్‌జిగ్‌లో, బాఖ్ పనిచేసిన చర్చిలోనే, ఆయన స్మారక చిహ్నం కోసం నిధులు కూర్చడానికి ఒంటరిగా ఆర్గన్ కచేరీ చేశాడు. ఆఫ్రికాలో వైద్యం చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు మనవాళ్ళకు తెలుసు. ఆయన ముందుగా పేరు తెచ్చుకున్నది బాఖ్ పండితుడిగా, ఆర్గన్ వాద్యకారుడిగా. కీర్తన మాటలు తెలియకుండా ఈ ప్రెల్యూడ్‌లు అర్థం కావని గట్టిగా చెప్పినవాడు ఆయన. అడవిలోని ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాదాల మెట్లున్న పియానో ఒకటి వెంట తీసుకువెళ్ళాడు. పగలంతా రోగులను చూసి, రాత్రి దాని మీద సాధన చేసేవాడు.

మీకు ఎప్పుడైనా ఈ రచన వినే అవకాశం వస్తే ఇట్లా వినండి. జాబితాల్లో దీని సంఖ్య 668. మొదట కింది గొంతులు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. ఒక గొంతు ఎక్కే మెట్లను ఇంకో గొంతు దిగుతుంది. వరుస ఎక్కడుందని వెతకకండి. కాసేపటికి పైన, నెమ్మదిగా, ఏ అలంకారమూ లేకుండా మొదటి పాదం వస్తుంది. పాదం పూర్తికాగానే పైగొంతు మౌనం. మళ్ళీ కింద కబురు, మళ్ళీ పైన పాదం. ఇట్లా నాలుగుసార్లు. నాలుగో పాదం చివరి స్వరాన్ని పైగొంతు పట్టుకుని కదలకుండా నిలుస్తుంది. కింది గొంతులు మాత్రం ఇంకా కొంతసేపు నడిచి, తమ పని ముగించుకుని, అప్పుడు దాని దగ్గరికి చేరి ఆగుతాయి. మొత్తం నాలుగైదు నిమిషాలు.

బాఖ్‌ను లైప్‌జిగ్‌లో సెయింట్ జాన్ శ్మశానవాటికలో పాతిపెట్టారు. సమాధి మీద గుర్తు లేక చాలాకాలం ఎక్కడున్నదీ తెలియలేదు. 1894లో అస్థికలు వెలికితీశారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ చర్చి నాశనమయ్యాక, 1950 ప్రాంతంలో వాటిని ఆయన పనిచేసిన సెయింట్ థామస్ చర్చి లోపలికే తెచ్చారు. ఇప్పుడు ఆ పలక దగ్గర నిలబడితే పైన ఆర్గన్ వినబడుతుంది.

మన ఇళ్ళల్లో కూడా ముసలివాళ్ళ నోట మిగిలిపోయిన పాటలు ఉంటాయి. దంపుడు పాట, మంగళహారతి, తత్వం, ఏదైనా కావచ్చు. వాళ్ళు మంచం పట్టేదాకా ఆగకండి. పక్కన కూర్చుని, వాళ్ళు చెబుతుంటే రాసుకోండి. ఇది ఇట్లా కాదురా, అట్లా అని వాళ్ళు దిద్దితే విసుక్కోకండి. తారీఖు వేసి, ఎవరు చెప్పారో, ఎవరు రాశారో పేర్లు కూడా రాయండి. ఆ లైప్‌జిగ్ మిత్రుడు తన పేరు రాసుకుని ఉంటే, పండితులకు ఇంత శ్రమ ఉండేది కాదు.